సమస్య: రంగమును వీడి వచ్చుటే రణజయమ్ము

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదం ఇచ్చాను. రంగం విడిచినవాడికి జయం ఎలాగో చెప్పాలి. మొదటి మూడు పాదాలు మీవి.

తెనాలి సభ్యుడి పూరణ:

కాలయవనుఁడు తఱుమగా గట్టు గుహకు
దారి తీసిన శౌరికిం దప్పు గాదు
మథుర జనులను జలధిలో మనుపఁ గోరి
రంగమును వీడి వచ్చుటే రణజయమ్ము

నిర్వాహకుడు: ఆర్యా, రణఛోడుణ్ణి, అంటే రణం విడిచిన కృష్ణుణ్ణి పట్టుకున్నారు. గుజరాత్‌లోని డాకోరులో కృష్ణుణ్ణి ఆ పేరుతోనే కొలుస్తారు. కాని ‘జలధిలో మనుపఁ గోరి’ అంటే జనాన్ని సముద్రంలో దించినట్టు వినిపిస్తోంది. ‘జనులనుఁ గోటలో’ అనండి. గణం చెడదు, ద్వారక కనిపిస్తుంది.

తిరుపతి సభ్యుడి పూరణ:

ఢిల్లిసేనలు ముంచెత్త దేవళమ్ము
రంగనాథుని మూర్తికి రక్ష సేయ
తిరుమలకుఁ జేర్చి కొలిచిన ధీరులకును
రంగమును వీడి వచ్చుటే రణజయమ్ము

ఇక్కడ రంగమంటే శ్రీరంగం. 1323లో సుల్తాను సేన వచ్చిపడినప్పుడు శ్రీవైష్ణవ గురువు పిళ్ళైలోకాచార్యులు ఉత్సవమూర్తితో బయటపడ్డారు. ఆయన దారిలోనే కాలం చేశారు. మూర్తి ఊళ్ళు తిరిగి తిరుమల చేరి, 1371లో విజయనగర సామ్రాజ్య సేనాని గోపన్న చేతుల మీదుగా మళ్ళీ శ్రీరంగం వెళ్ళింది.

నిర్వాహకుడు: మొదటి పాదంలో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన యతి తప్పింది. ఢకారం టవర్గం, దకారం తవర్గం. ‘దిల్లిసేనలు’ అంటే చాలు. పూరణ మాత్రం నాకు చాలా నచ్చింది. రంగాన్ని ఊరి పేరుగా తీసుకోగానే చిక్కుముడి తనంత తానే విడిపోయింది.

విజయనగరం సభ్యురాలు: గురువుగారూ, మా వైపు పెద్దవాళ్ళకు రంగమంటే బర్మాలోని రంగూను. ‘రంగం వెళ్ళాడు’ అంటే అక్కడి రేవులోనో బియ్యం మిల్లులోనో కూలికి వెళ్ళాడని.

రేవు మీఁదను బాంబులు రేఁగి కురియ
అన్నమును లేక యడవుల నడుగు లిడుచుఁ
గన్నబిడ్డను వీపునఁ గట్టి తల్లి
రంగమును వీడి వచ్చుటే రణజయమ్ము

కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్ళు మనవాళ్ళను కోరంగీలనేవారు. రంగూను నగరానికి 1755లో అలౌంగ్‌పయా రాజు పెట్టిన పేరు యాంగోన్. కలహం ముగిసిన చోటని దాని అర్థం. అక్కడే 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం వాళ్ళ చేతికి చిక్కింది. ఓడల్లో చోటు దొరకనివారు అరకాన్ కొండలు దాటి కొందరు, ఇంఫాల్ వైపు కొందరు నడిచారు. మా తాతమ్మ అలా నడిచి తెచ్చుకున్నది ఒక సత్తుగిన్నె. అంచు సొట్టపోయి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. వీపున ఉన్న బిడ్డ మా అమ్మమ్మ.

తెనాలి సభ్యుడు: అమ్మా, దారిలో పోయినవారు వేలమంది. దీన్ని జయమనవచ్చా?

విజయనగరం సభ్యురాలు: సమస్యలో ‘పోవుట’ అని లేదండి, ‘వచ్చుట’ అని ఉంది. ఇల్లు చేరారు కనుకనే ఆ మాట నా నోట వచ్చింది. ఇల్లు చేరినా భయం తీరలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. విశాఖ జనం మూటలు కట్టుకుని పల్లెలకు తరలిపోయారు.

నిర్వాహకుడు: నేను పాదం కట్టినప్పుడు యుద్ధరంగమే తోచింది తల్లీ, రంగూను తట్టలేదు. ‘బాంబులు’ అన్యదేశ్యమైనా ఉండనివ్వండి, ఆ రేవులో పడ్డవాటికి వేరే మాట అతకదు. ‘అన్నమును లేక’ బదులు ‘అన్నమే లేక’ అంటే తగణం సరిపోయి బిగువు వస్తుంది కదా?

విజయనగరం సభ్యురాలు: వద్దండి, ఆ ‘ను’ కావాలి. ముందు నీళ్ళు లేవు. తరువాత అన్నమూ లేదు.

నిర్వాహకుడు: అలాగే ఉంచుదాం అమ్మా.