మెలోడీ అంటే నెమ్మది పాటేనా?

హార్మోనియం పెట్టె:
కొత్త ఆల్బం వచ్చిన ప్రతిసారీ ఇదే గోల. "ఇందులో రెండు మెలోడీలు, మూడు బీట్ సాంగ్స్ ఉన్నాయి", "నాకు మెలోడీలే ఇష్టం, ఫాస్ట్ పాటలు పడవు", "ఈమధ్య మెలోడీలే రావట్లేదు" అంటూ. అసలు మెలోడీ అంటే స్వరాలు ఒకదాని వెంట ఒకటి నడిచే తీరు, అంతే కదండీ. ఆ నడక నెమ్మదిగా ఉండొచ్చు, పరుగూ కావచ్చు. కూనిరాగం తీయడానికి వీలయ్యే ప్రతి పాటకీ మెలోడీ ఉన్నట్టే. తిల్లానా ఎంత జోరుగా సాగుతుందో తెలుసుగా, దానికి మెలోడీ లేదనగలరా? లేని పాట కావాలంటే ఉత్త డప్పు మోతో, మాటల మీదే నడిచే ర్యాపో వెతుక్కోవాలి. దయచేసి నెమ్మది పాటని నెమ్మది పాట అనండి, మెలోడీ అనకండి. తెలుగు చర్చలో ఇంగ్లిష్ మాట మీద పంచాయితీ ఏంటని కూడా అడక్కండి, అది తెలుగులో చేరిపోయింది కాబట్టే అడుగుతున్నా.

డబుల్ బీట్:
వచ్చారా సార్. మొన్న ఆటో ట్యూన్ మీద పడ్డారు, ఇవాళ మెలోడీ వంతు. మీ లెక్క ప్రకారం నేను వినే డీజే మిక్సులన్నీ కూడా మెలోడీలేనా? అయితే ఆ ముక్క మా ఇంట్లో వాళ్ళకి మీరే చెప్పాలి, "ఆ మోత ఆపి ఏదైనా మెలోడీ పెట్టరా" అని రోజూ ప్రాణం తీస్తున్నారు.

వంతపాట:
హార్మోనియం గారు చెప్పింది అక్షరాలా నిజం. గ్రీకులో మెలోస్ అంటే పాట. నెమ్మది అన్న అర్థం అందులో ఎక్కడా లేదు.

డబుల్ బీట్:
పేరుకి తగ్గట్టే ఉన్నావు తమ్ముడూ. ఆయన తందానా అంటే నువ్వు తానా.

రెండో చరణం:
ఇద్దరూ కాస్త ఆగండి. నేనొక చిన్న పరీక్ష చెప్తాను. అందరూ మెలోడీ అని ఒప్పుకునే పాట ఏదైనా తీసుకోండి. దానికి డ్రమ్స్ దట్టించి, వేగం పెంచి రీమిక్స్ చేశారనుకుందాం. ఒక్క స్వరం మారలేదు, గొంతు కూడా అదే. అయినా దాన్ని ఇంకా మెలోడీ అని ఎవరైనా అంటారా? అనరు, "మంచి మెలోడీని పాడు చేశారు" అంటారు. ఇప్పుడు తిరగేయండి. గట్టి మాస్ పాటని ఎవరో ఒక గిటార్ పట్టుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా పాడితే కింద కామెంట్లన్నీ "వావ్, ఇంత మంచి మెలోడీ దాక్కుందా ఇందులో" అనే ఉంటాయి. ఇక్కడా స్వరాలు మారలేదు. అంటే మనం మెలోడీ అనే మాటని స్వరాల నడకని బట్టి వాడట్లేదు, అది తప్ప మిగతా వాటన్నిటినీ బట్టి వాడుతున్నాం. వేగం ఎంత, తాళవాద్యం ఎంత ముందుకొచ్చింది, గొంతు ఎంత మెత్తగా ఉంది, ఇవే కొలతలు. ఇంగ్లిష్ వాడి మెలోడీ వేరు, మన మెలోడీ వేరు. తమిళంలోనూ హిందీలోనూ సినిమా పాటల వాళ్ళు మనలాగే వాడతారు కాబట్టి ఇదేదో మనకొక్కళ్ళకే వచ్చిన జబ్బు కూడా కాదు.

హార్మోనియం పెట్టె:
మీరు చెప్పింది నా మాటకే బలం కదా. మెలోడీ ఏమాత్రం మారకపోయినా "మెలోడీ పోయింది" అంటున్నారంటే ఆ మాట ఎంత పక్కదారి పట్టిందో చూడండి.

తాళపత్రం:
పక్కదారి పట్టిన మాటల లెక్క తీస్తే మనకి సంగీతం గురించి మాట్లాడుకోవడానికి ఒక్క మాట మిగలదు మాస్టారూ. అసలు "సంగీతం" దగ్గరే మొదలెడదాం. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో "గీతం వాద్యం తథా నృత్తం త్రయం సంగీతముచ్యతే" అన్నాడు. పాట, వాద్యం, ఆట మూడూ కలిస్తేనే సంగీతం. ఇవాళ మీరు సంగీతం విన్నాను అంటారు గానీ ఆటని అందులో కలుపుతారా? మృదంగం సరేసరి. మృత్ అంటే మట్టి, మట్టి ఒళ్ళు కలది అని పేరు. ఇప్పుడేమో పనస చెక్కతో చేస్తున్నాం, పేరు మార్చలేదు. ఇక కచేరీ అంటే దర్బారు, సర్కారు ఆఫీసు. ఆ మాట పాటగాళ్ళ దగ్గరికి వచ్చి స్థిరపడిపోయింది. కచేరీకి వెళ్ళొచ్చానంటే ఏ దస్తావేజు పని మీద అని మీరేమన్నా అడుగుతారా?

హార్మోనియం పెట్టె:
నేను ఒప్పుకోను. కచేరీ వెళ్ళిపోతే ఆఫీసు ఉంది, ఇబ్బంది లేదు. మెలోడీ అనే మాటని నెమ్మది పాటకి రాసిచ్చేస్తే స్వరాల నడకని ఏమనాలి? ఒక అర్థానికి ఉన్న ఒక్క మాటా లాక్కుంటేనే నా బాధ.

తాళపత్రం:
ఒక్క మాటేంటండీ, మాతువు, ధాతువు అని శాస్త్రంలోనే ఉన్నాయిగా. "వాఙ్మాతురుచ్యతే గేయం ధాతురిత్యభిధీయతే", అంటే పాటలో మాట మాతువు, పాడే స్వరభాగం ధాతువు. రెండూ తానే కట్టినవాడు వాగ్గేయకారుడు. అన్నమయ్య రాగిరేకులే చూడండి, మాతువు ఉంది, పైన రాగం పేరు చెక్కారు, స్వరాలు మాత్రం లేవు. అందుకే ఇవాళ మనం వినే ఆ కీర్తనల్లో చాలావాటికి ధాతువు తర్వాతి విద్వాంసులు కట్టిందే. ధాతువు అంటే మరీ వ్యాకరణం క్లాసులా ఉందంటారా, వర్ణమెట్టు ఉంది, బాణీ ఉంది, వరస ఉంది.

డబుల్ బీట్:
ధాతువు అంటే ఇనుము, కాల్షియం అనుకుంటారు జనం. వరస అంటే ఇంకా గొడవ. "ఆ అమ్మాయి నీకు ఏ వరస?", "నీ వరస ఏం బాలేదు", వీటి మధ్యలో పాట వరస ఎక్కడ ఇరుక్కుంటుంది? ఇంత దూరం ఎందుకు, మనం రోజూ అనే మాట ట్యూన్. "ట్యూన్ బాగుంది, లిరిక్స్ బాలేవు" అంటాం. "ట్యూన్ ఎక్కడో విన్నట్టుంది" అంటాం. కాపీ కొట్టారని తిట్టేటప్పుడు ఏనాడైనా "మెలోడీ కొట్టేశారు" అన్నామా? ట్యూన్ కొట్టేశారనే అంటాం. సార్ దిగులు పడుతున్న అర్థానికి కుర్చీ వేసి కూర్చోబెట్టి చాలా ఏళ్ళయింది.

రెండో చరణం:
ఇది బాగా చెప్పావు. ఇంగ్లిష్‌లో దాదాపు పక్కపక్కన ఉండే రెండు మాటలు మన దగ్గరికి వచ్చి పని పంచుకున్నాయి. స్వరాల నడకకి ట్యూన్, పాట స్వభావానికి మెలోడీ. అందుకే "ఈ మెలోడీ ట్యూన్ భలే ఉంది" అని తడబడకుండా అనగలుగుతున్నాం. ఇంగ్లిష్ లెక్కన చూస్తే అది చెప్పిందే రెండుసార్లు చెప్పడం, తెలుగులో మాత్రం పక్కా వాక్యం.

వంతపాట:
ఒక సందేహం. మెలోడీలు అని రాయాలా, మెలోడీస్ అనా?

తాళపత్రం:
మెలోడీలు. అందులో చర్చేం లేదు.

డబుల్ బీట్:
మెలోడీ సంగతి సరే, "బీట్ సాంగ్" అని మమ్మల్ని వేరే పంక్తిలో కూర్చోబెట్టారు చూశారా, దాని గురించి ఎవరూ అడగరేం? మీ జోలపాటకి మాత్రం బీట్ లేదా? ఉయ్యాల ఊపే చెయ్యే తాళం వేస్తుంది. నా అనుమానం ఏంటంటే ఇది వేగం గొడవే కాదు. "నాకు మెలోడీలే ఇష్టం" అనేవాళ్ళలో సగం మంది పాట గురించి చెప్పట్లేదు, "నా చెవులు శుభ్రమైనవి, నీవి కావు" అని చెప్పుకుంటున్నారు. క్లాసు, మాసు అనే పాత గోడకి కొత్త సున్నం ఇది.

హార్మోనియం పెట్టె:
అదిగో, ఆ ముక్క నేను మొదటి నుంచీ అంటున్నదే. అన్ని పాటలకీ మెలోడీ ఉందని ఒప్పుకుంటే మీ డీజే మిక్సులకి గౌరవం పెరుగుతుంది గానీ తగ్గదు. నేను మీ పక్షమే బాబూ, మీకే అర్థం కావట్లేదు.

డబుల్ బీట్:
అబ్బో. అయితే నా మిక్సు ఒకటి మొత్తం వింటారా?

హార్మోనియం పెట్టె:
పక్షం వేరు, చెవులు వేరు.

రెండో చరణం:
బీట్ లేని పాట ఉందా అంటే మనకి ఒకటుంది, ఈ చర్చలో ఇంతవరకు ఎవరికీ గుర్తు రాకపోవడం విచిత్రం. రంగస్థల పద్యం. రాగం ఉంటుంది, తాళం ఉండదు. పక్కన హార్మోనియం స్వరం పడుతుంటే నటుడు పద్యం ఎత్తుకుని, ఆఖరి పాదం దాటాక రాగం తీస్తూ పోతాడు, జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటికి వస్తాడు. హార్మోనియం గారి నిర్వచనం పట్టుకుంటే తెలుగులో అంతకంటే కల్తీ లేని మెలోడీ దొరకదు, ఎందుకంటే అందులో స్వరం తప్ప ఆనుకోవడానికి ఇంకేమీ లేదు. మరి తారస్థాయిలో మీసం మెలేస్తూ పాడే ఆ పద్యాన్ని "రాత్రి పడుకునే ముందు వినే మెలోడీలు" అనే లిస్టులో పెడితే వినేవాడు మంచం మీంచి పడతాడా లేదా?

తాళపత్రం:
హహ. పడ్డాక కూడా వన్స్‌మోర్ అంటాడు, అది పద్యం మహిమ.

వంతపాట:
మరి "ఫాస్ట్ మెలోడీ" అంటుంటారే, అదేంటి? మెలోడీ అంటేనే నెమ్మది పాట అయితే ఆ మాట నిలవదు కదా.

రెండో చరణం:
వంతపాట గారు మొదటిసారి సొంతంగా పాడారు, బాగుంది. నిజమే, అంటారు, నేనూ అంటాను. వేగం కాస్త ఎక్కువే ఉంటుంది, అయినా గొంతు వాద్యాల కింద నలిగిపోదు, మాట మాట వినబడుతుంది. అలాంటి పాటని ఫాస్ట్ మెలోడీ అంటాం. కాబట్టి తెలుగు మెలోడీకి నెమ్మది అని అర్థం రాసినా సరిపోదు. నన్నడిగితే "మెత్తని పాట" అని రాయాలి. ఇంగ్లిష్‌లో మెలోడియస్ అనే విశేషణానికి వినసొంపైన అనే అర్థం ఎటూ ఉంది, మనవాళ్ళు ఆ విశేషణం రుచిని తీసుకొచ్చి నామవాచకానికి పూశారని నాకనిపిస్తుంది.

హార్మోనియం పెట్టె:
మెత్తని పాట అన్నది బాగుంది, వాడుకుంటాను. మెలోడీని మాత్రం ఆ అర్థంలో వాడను, ఎవరెన్ని చెప్పినా. నా దగ్గర అలాంటి మెత్తని పాటలు ఏరి పెట్టుకున్న లిస్టు ఒకటుంది, కావాలన్నవాళ్ళకి పంపుతాను. డబుల్ బీట్ గారికి అడక్కపోయినా పంపుతాను.

డబుల్ బీట్:
పంపండి సార్, వింటా. పేరు మాత్రం "మెలోడీలు" అని పెట్టండి, లేకపోతే నా ఫోన్లో వెతికినప్పుడు దొరకదు.