రోజుకు గంటన్నర నీళ్లొచ్చే ఊళ్లో లీకేజీ సెన్సర్లు పనికొస్తాయా?

పురపాలక_ఏఈ:
మా పట్టణంలో సగం వీధుల కింద పాత పోత ఇనుప పైపులు, మిగతా చోట్ల ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపులు. పొద్దున గంటన్నర నీళ్లు వదులుతాం. ఒకచోట అతుకు వేసేసరికి ఇంకోచోట పగులుతోంది. చప్పుడును బట్టి లీకేజీ పట్టే సెన్సర్లు అమరుస్తామని ఒక కంపెనీ వచ్చింది. రాత్రి రెండు, నాలుగు గంటల మధ్య విని చెబుతాయట. కొనమని రాయమంటారా?

లీకేజీ_సర్వే:
తొందరపడకండి. ఆ సెన్సర్లు అయస్కాంతంతో వాల్వును అంటుకుని, పగులులోంచి నీరు చిమ్మేటప్పుడు పైపులో పుట్టే అదురును వింటాయి. రాత్రి వేళను ఎంచుకున్నది వాడకం, వాహనాల రొద తక్కువని. అది 24 గంటలూ నీళ్లుండే ఊళ్ల లెక్క. మీ పైపులు ఆ వేళకు ఖాళీ! సరఫరా సమయంలో విందామంటే ప్రతి కుళాయీ తెరిచే ఉంటుంది, ఆ పారుదల చప్పుడులో లీకేజీ కలిసిపోతుంది. పైగా పోత ఇనుములో సాగినంత దూరం ఏసీ పైపులో శబ్దం సాగదు. పీవీసీ అయితే మరీ కష్టం.

ముందు ప్రెషర్ లాగర్లు, అంటే పైపులో నీటి ఒత్తిడిని నమోదు చేసే పరికరాలు, పెట్టండి. పావుగంటకొకసారి కాదు, సెకనుకు ఎన్నోసార్లు రీడింగు తీసేవి కావాలి. నేను సర్వే చేసిన ఒక ఊళ్లో లైన్‌మన్ వాల్వును గబుక్కున తిప్పిన క్షణాన గ్రాఫులో ఒత్తిడి గీత నిట్టనిలువుగా లేచి, వెంటనే సున్నా కిందికి పడేది. ఆ లేచిన ఒత్తిడే పాత పైపును చీలుస్తుంది. పడినప్పుడు పగుళ్లలోంచి పక్కనున్న మురుగును లోపలికి పీలుస్తుంది. జనం తాగేది ఆ నీళ్లే, నాకు బాధ కలిగించేది అదే. వాల్వును నిదానంగా తిప్పించాక పగుళ్లు బాగా తగ్గాయి.

ఇంకొకటి. తవ్వి తీసిన పోత ఇనుప ముక్కను పారేయకుండా చాకుతో గీకి చూడండి. పెన్సిల్ ముల్లులా నల్లగా రాలితే ఇనుము కరిగిపోయి గ్రాఫైటే మిగిలిందన్నమాట. ఆ వీధికి సెన్సరెందుకు, కొత్త పైపు అడగండి.

మేరీలాండ్_తెలుగు:
పెద్ద లైన్ల సంగతి వేరండీ. 2008 డిసెంబరులో ఇక్కడ, అమెరికాలోని మేరీలాండ్‌లో, రివర్ రోడ్డు కింద 66 అంగుళాల కాంక్రీటు పైపు పగిలి, కార్లలో చిక్కుకున్నవారిని హెలికాప్టర్లతో కూడా రక్షించారు. ఇక్కడి నీటి సంస్థ అలాంటి పెద్ద పైపుల లోపల ఆప్టికల్ ఫైబర్ వేసింది. కాంక్రీటుకు చుట్టిన ఉక్కు తీగలు తెగే చప్పుడును అది పట్టేస్తుంది. ఎక్కువ తెగితే, పగలకముందే లైను ఆపి బాగుచేస్తారు.

పురపాలక_ఏఈ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందు రెండు లాగర్లు మాత్రం అడుగుతాను. ఎక్కడ పెట్టమంటారు?

లీకేజీ_సర్వే:
ఒకటి ట్యాంకు దిగువ వాల్వు దాటాక, రెండోది లైను చివరి ఇంటి కుళాయికి. నీళ్లు వదలకముందే బిగించండి, మొదటి నిమిషాలే ముఖ్యం.