సమస్య: «ఆరు వేళ్ల చేయి యందమయ్యె»

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య పైన ఉన్నదే, అది చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి. ఎక్కడ పుట్టిందో చెప్తాను. బొమ్మలు నేర్చుకునేవాళ్లు తాము గీసినవి పెట్టుకుని అభిప్రాయాలు అడిగే ఒక బృందంలో మా అమ్మాయి ఉంది. అక్కడ ఒకావిడ జడలో పూలు ముడుచుకుంటున్న పిల్ల బొమ్మని పెన్సిల్‌తో గీసి పెట్టింది. జడ అల్లిక, మల్లెమొగ్గలు, చెవి వెనక నీడ, అన్నీ ఎంత ఓపికగా వేసిందో! కుడిచేతికి మాత్రం ఆరు వేళ్లు. కింద చూస్తే వరసగా ‘సూపర్’, ‘వావ్’, చప్పట్లు. ఒక్కరూ వేళ్లు లెక్కపెట్టలేదు, లేదా లెక్కపెట్టీ ఊరుకున్నారు. ఆవిడేమో ‘తప్పులుంటే చెప్పండి’ అని రాసి మరీ పెట్టింది. నాకు బాధేసింది, వెంటనే ఈ పాదం కూడా తట్టింది.

ఒక్క మనవి. ఏఐ బొమ్మల్లో వేళ్లు ఎక్కువవడం మీద పూరణలు వద్దు. 2022 నుంచి అందరూ అంటున్నదే. ఆదివారం రాత్రి వరకు గడువు.

యతిమైత్రి:
పాదం బాగుంది. అయితే అచ్చుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివర వాక్యం ఆపెయ్యండి. లేకపోతే సంధి మీద పడుతుంది. ముందే చెప్తున్నాను.

కుంచెధారి:
కుంచె పట్టినట్టి కుర్రదానిని గంటి
వేళ్లలోన నదియు వేలె కాదె
గీత పారునపుడు కేలు కుంచె యొకటె
ఆరు వేళ్ల చేయి యందమయ్యె

డాలస్ బాబాయి:
ఆహా! కుంచే ఆరో వేలు. మొదటి పూరణకే పందెం అయిపోయినట్టుంది.

యతిమైత్రి:
ఊహ చాలా బాగుంది, ఆ మాట మొదట చెప్పాలి. కానీ రెండో పాదంలో ‘అదియు’ అంటే ఏది? వాక్యం కుర్రదాని మీద నడుస్తోంది, కుంచె విశేషణంలో దాక్కుంది. అన్వయం చేస్తే కుర్రదే వేలవుతుంది!

కుంచెధారి:
నిజమేనమ్మా. ఇలా మారుస్తాను: ‘వేళ్లలోన గుంచె వేలె కాదె’. ఇక కుర్రదానికి ఇబ్బంది లేదు.

పెన్సిల్ ముక్క:
కుంచెధారి గారూ, కుంచెని మొన దగ్గర పట్టుకున్నప్పుడు వేళ్లే కదులుతాయి, కాడ చివర పట్టుకుంటే భుజం నుంచి చెయ్యంతా కదులుతుంది. ‘గీత పారునపుడు’ అన్నప్పుడు నాకు ఆ రెండోదే కనిపించింది. వేళ్లతో గీసిన పొడవాటి గీత వణుకుతుంది, పారదు.

గోదావరి గట్టు:
అందరూ ఇక్కడిక్కడే తిరుగుతున్నారు. కొంచెం దూరం వెళ్దాం.

పోపు చేయి జూచి పొరపడె లోకమ్ము
రాఫెలయ్య గీత రహిని జూడు
అదియు వేలుగాదె? యరచేతి యంచంట!
ఆరు వేళ్ల చేయి యందమయ్యె

తెలియనివారి కోసం రెండు మాటలు. రాఫెల్ 1512 ప్రాంతంలో మొదలుపెట్టిన సిస్టీన్ మడోన్నా చిత్రం ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. కింద మోచేతులు ఆనించి పైకి చూస్తున్న ఇద్దరు బాలదేవతల బొమ్మ క్యాలెండర్ల మీదా గ్రీటింగ్ కార్డుల మీదా అందరూ చూసే ఉంటారు, అది ఈ చిత్రంలోని ముక్కే. ఎడమపక్కన పోపు రెండవ సిక్స్టస్ కుడిచెయ్యి మన వైపు చాపి ఉంటాడు. ఆ చేతికి ఆరు వేళ్లున్నాయని చాలామంది అన్నారు. పేరులోనే ఆరు ధ్వనిస్తోంది కదా అని కథలూ అల్లారు. నిదానంగా చూస్తే చిటికెనవేలి పక్కన కనిపించేది అరచేతి అంచు. చెయ్యి మన వైపు తిరిగి కుదించుకుపోయినట్టు కనిపించేలా గీసినప్పుడు అంచు అలా పొడుచుకొస్తుంది.

కుంచెధారి:
ఇది అసలైన సంగతి. చూసేవాడి వైపు పొడుచుకొచ్చే చేతిని గీయడం నేర్చుకునేవాళ్లకి పెద్ద గండం. రాఫెల్ అంతటివాడు గీసినా జనం వేలనుకున్నారంటే, మనం గీసినప్పుడు ‘ఇది వేలులా కనిపిస్తోంది’ అని ఎవరైనా చెప్తే చిన్నబుచ్చుకోకూడదు.

యతిమైత్రి:
గోదావరి గారి పూరణలో మూడో పాదం ప్రశ్న, జవాబు రెండూ ఒకే ఊపిరిలో ఇమడటం నాకు నచ్చింది. ‘లోకమ్ము’ పొరపడిందన్నారు, అంత లోకం పడలేదు లెండి, కొందరే పడ్డారు. అది కవికి ఉన్న చనువు అనుకుంటాను. అయితే పరదేశపు పోపు పేరు విషయంలో ఇంత శ్రద్ధ చూపినవారు కిందటి వారం మన రాజమండ్రి మనిషి పేరు ఎందుకలా చేశారు?

డాలస్ బాబాయి:
మళ్లీ మొదలు.

యతిమైత్రి:
మొదలు కాదు బాబాయ్ గారూ, పోయినసారి నిర్వాహకులు గడువు అయిందని ఆపేశారు గానీ నా మాట పూర్తవలేదు. కిందటి సమస్య ‘గురువు దిద్దలేదు కుంచె కుదిరె’. దానికి గోదావరి గారి పూరణ ఇలా మొదలైంది:

రాజమండ్రి లోన రామరావుని జూచి
బొంబయికిని బంపె బుధుఁడు కూల్డ్రె

చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925లో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ కాస్త వయసులోనే అంత పని చేసి వెళ్లిన మనిషి పేరులో గణం కోసం దీర్ఘం మింగేస్తారా? ఆయన పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉన్న ఊరివారు మీరు!

గోదావరి గట్టు:
అమ్మా, పద్యంలో పేర్లు కుదించుకోవడం నేను కొత్తగా పెట్టిన ఆచారం కాదు. ఆయన్ని బొంబాయి పంపిన ‘కూల్డ్రే’ దొరకి కూడా చివర దీర్ఘం తీసేశాను, ఆయన తరఫున ఎవరూ మాట్లాడలేదే.

నిర్వాహకుడు:
ఆ గొడవ తర్వాత. ముందు ఈ వారం పూరణలు రానివ్వండి.

డాలస్ బాబాయి:
మా అబ్బాయి యానిమేషన్ నేర్చుకుంటున్నాడు. వాడి బల్ల మీద చూసిందే ఇది.

మద్దెలందుకొనిన మాస్టారి వేగము
గీయవలెను గీత గీత మీద
కదలు వేలు రెండుగాఁగ గన్పట్టగా
ఆరు వేళ్ల చేయి యందమయ్యె

చేత్తో గీసే యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేములు. చాలాసార్లు ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచుతారు కాబట్టి 12 బొమ్మలు గీస్తారు. అందులో మరీ వేగంగా కదిలే చెయ్యి ఉంటే ఒకే బొమ్మలో వేలు రెండుసార్లు గీస్తారట. బొమ్మ ఆపి చూస్తే వికారంగా ఉంటుంది, ఆడిస్తే వేగం కనిపిస్తుంది. వాడు అలా గీసింది తోటివాళ్లకి చూపిస్తే ఒకతను ‘వేళ్లు ఎక్కువయ్యాయి’ అన్నాడు, ఇంకొకతను ‘ఆడించి చూడు’ అన్నాడు.

కుంచెధారి:
తక్కువైన వేళ్ల సంగతీ ఉంది. మిక్కీ మౌస్‌కి చేతికి నాలుగే. వేల బొమ్మలు గీయాలి కాబట్టి ఒక వేలు తగ్గితే పని తగ్గుతుంది, చిన్న చెయ్యి గుండ్రంగా, శుభ్రంగానూ ఉంటుంది. అది తప్పు కాదు, నిర్ణయం. అభిప్రాయం చెప్పేవాడు ముందు తెలుసుకోవాల్సింది అదే: గీసినవాడు కావాలని చేశాడా, చూసుకోలేదా?

యతిమైత్రి:
బాబాయ్ గారూ, ‘గీత గీత మీద’ అన్న చోట పద్యమే కదులుతోంది. కానీ నేను ముందే చెప్పాను. ‘గన్పట్టగా’ తర్వాత ‘ఆరు’ రాదు, ‘నారు’ వస్తుంది. అప్పుడు సమస్యాపాదం మారిపోతుంది.

డాలస్ బాబాయి:
‘గన్పట్టెరా!’ అంటే?

యతిమైత్రి:
సరిపోయింది. వాక్యం ఆగింది, గణమూ నిలిచింది. మద్దెల దెబ్బలా కూడా ఉంది.

పెన్సిల్ ముక్క:
ఇక్కడ నా మొదటి పూరణ. భయంగానే పెడుతున్నాను.

సూపరంచు జనులు చొరవతో మెచ్చగా
దిద్దువారు లేక దిగులు వడెను
తప్పు జెప్పకున్న దగునె నేస్తములార!
ఆరు వేళ్ల చేయి యందమయ్యె

గోదావరి గట్టు:
బాగుంది తమ్ముడూ. యతులు చక్కగా పడ్డాయి.

యతిమైత్రి:
గోదావరి గారూ, సరిగ్గా ఈ పద్యంలో ఉన్న జనుల్లాగే మెచ్చి వెళ్లిపోయారు! దిగులు పడింది ఎవరు? కర్త ఏడీ? మెచ్చిన జనులా, బొమ్మా, గీసిన మనిషా? తమ్ముడూ, నువ్వు మొదటిసారి రాశావు కాబట్టి వదిలెయ్యను, మొదటిసారి రాశావు కాబట్టే చెప్తున్నాను. ఒక్క మాట మార్చి చూడు: ‘వడెను’ బదులు ‘వడితి’.

పెన్సిల్ ముక్క:
‘దిద్దువారు లేక దిగులు వడితి’. అమ్మా, ఇది నా కథే అయిపోయింది. రెండేళ్లుగా బొమ్మలు పెడుతున్నాను. ‘సూపర్ బ్రో’ తప్ప మాట లేదు. ఒక్కసారి మాత్రం ఎవరో ‘బొమ్మని అద్దంలో చూడు’ అన్నారు. చూస్తే ముఖమంతా ఒక పక్కకి జారి ఉంది. ఆ ఒక్క ముక్క వల్ల నా గీత మారింది.

కుంచెధారి:
అద్దం మాట లియొనార్డో డావిన్చీ తన రాతల్లో చెప్పిందే. ఇప్పుడు కంప్యూటర్‌లో బొమ్మని ఒక్క నొక్కుతో తిప్పి చూస్తారు. అలవాటైన కన్ను తన తప్పు తాను చూడదు, తిరగేస్తే పరాయి బొమ్మలా కనిపించి తప్పు బయటపడుతుంది.

ఓరుగల్లు:
రోజూ చదువుతాను గానీ రాయను. ఈసారి ఉండబట్టలేదు.

ఎఱ్ఱ గీతతోడ నెవరొ దిద్దిరి చేయి;
ఐదు వేళ్లు నావి, యదియు నొకటి
తోటివాని వేలు దోడయ్యె గీతలో
ఆరు వేళ్ల చేయి యందమయ్యె

డాలస్ బాబాయి:
అన్నా! ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?

యతిమైత్రి:
ఆరో వేలు దిద్దినవాడిది. నాకు ఇంకేం చెప్పాలో తోచడం లేదు. గోదావరి గారూ, ఆరో వేలు వెతకడానికి డ్రెస్డెన్ దాకా వెళ్లక్కర్లేకపోయింది.

గోదావరి గట్టు:
పద్యం నాకూ నచ్చింది, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. కానీ ఒక ధర్మసందేహం. ‘ఎవరో’ని ‘ఎవరొ’ చేస్తే మెచ్చుకున్నారు. రామారావుని రామరావు చేస్తే వారం నుంచి తిడుతున్నారు. దీర్ఘం దీర్ఘమే కదా?

యతిమైత్రి:
‘ఎవరొ’ కావ్యాల్లో ఎప్పటినుంచో ఉన్న రూపం. మనిషి పేరు అలా కాదు.

కుంచెధారి:
ఎర్రగీత తెలియనివారికి: ఒకరి బొమ్మ మీద ఇంకొకరు ఎర్రరంగుతో సరైన ఎముక, సరైన వాలు గీసి చూపించడం చిత్రకారుల బృందాల్లో ఉన్న పద్ధతి. మాటల్లో పది వాక్యాలు చెప్పినా అర్థం కానిది ఒక్క గీతలో అర్థమవుతుంది. అయితే అడగకుండా ఒకరి బొమ్మ మీద గీయకూడదు. ‘దిద్దిరి’ అన్న చోట ‘అడిగి దిద్దిరి’ అని ఉంటే నేను ఇంకా సంతోషించేవాణ్ని.

ఓరుగల్లు:
అడిగే దిద్దారు సార్. గణాల్లో పట్టలేదు.

నిర్వాహకుడు:
ఆ బొమ్మ గీసినావిడకి వేళ్ల సంగతి మా అమ్మాయి విడిగా చెప్పింది. ఆవిడ ఏమీ అనుకోలేదు, పైగా ‘ఏ వేలు చెరిపెయ్యాలి?’ అని అడిగిందట. కుంచెధారి గారూ, ఏం చెప్పమంటారు?

కుంచెధారి:
ఏ వేలూ చెరపొద్దనండి. ఆరు వేళ్లు పట్టాయంటే అరచెయ్యే వెడల్పు అయిపోయింది, ఒకటి చెరిపితే అక్కడ పన్ను ఊడినట్టు సందు మిగులుతుంది. వేళ్లన్నీ పక్కనపెట్టి ముందు అరచేతిని ఒక పెట్టెలాగా గీయమనండి. కణుపుల వరస తిన్నగా కాకుండా విల్లులా వంగాలి. చేతి వెనకవైపు నుంచి కొలిస్తే మధ్యవేలు దాదాపు చేతి పొడవులో సగం ఉంటుంది. బొటనవేలు మిగతావాటి వరసలోది కాదు, పక్కనుంచి వస్తుంది. జడా పూలూ అలాగే ఉంచమనండి, వాటిలో వంక పెట్టడానికేమీ లేదు.

నిర్వాహకుడు:
అలాగే చెప్తాను. ఈ వారం మొదటి స్థానం ఓరుగల్లు గారిది. పెన్సిల్ ముక్క పూరణ ‘వడితి’తో కలిపి రెండోది.

యతిమైత్రి:
ఇక కిందటి వారం బాకీ. తప్పు పట్టి ఊరుకుంటే అది సగం పనే. దీర్ఘం మింగకుండా ఇలా రావచ్చు:

దొరయు జూచెనంట దొడ్డ రామారావు
గీతలోని చెలువు కేలు సాచి
బొంబయికిని బంపె బొమ్మ నేర్చు కొఱకు
గురువు దిద్దలేదు కుంచె కుదిరె

గోదావరి గట్టు:
రామారావు నిండుగా కూర్చున్నాడు, ఒప్పుకుంటున్నాను. ‘రా’ దగ్గర గణం విరిచి ‘మారావు’ని తర్వాతి గణంలోకి పంపడం నాకు తట్టలేదు. కానీ కూల్డ్రే తానూ చిత్రకారుడే, మా ఊరి కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉంటూ ఆ పిల్లవాణ్ని గుర్తించి దారి చూపినవాడు. అలాంటి గురువు దిద్దలేదంటే ఎలా కుదురుతుంది?

యతిమైత్రి:
దారి చూపాడు. శిష్యుడి గీత మీద తన గీత రుద్దలేదు. నేను ‘దిద్దలేదు’ని అలా తీసుకున్నాను.

గోదావరి గట్టు:
సరే, అది ఒప్పుకున్నా ఇంకొకటి ఉంది. చెలువు కంటితో చూస్తారు. ‘కేలు సాచి’ చూడటమేమిటి? ‘గీ’కి యతి కావాలని ‘కే’ తెచ్చారు కదా?

యతిమైత్రి:
బొమ్మ ఉన్న కాగితం అందుకోవడానికి చెయ్యి చాపాడండీ!

గోదావరి గట్టు:
కాగితం పద్యంలో లేదు.