ఖాళీ ఫ్లాట్: అద్దె తగ్గించాలా, పట్టుబట్టి ఆగాలా? (బెంగళూరు)

కొత్త_ఓనర్: మహదేవపురలో డబుల్ బెడ్‌రూమ్, మూడో అంతస్తు, లిఫ్టుంది. అద్దె 32,000, అడ్వాన్స్ పది నెలలు అని సైట్లో పెట్టి మూడు వారాలు. మెయింటెనెన్స్ 3,500 నేనే కడుతున్నా. వచ్చినవాళ్లంతా 30 దగ్గరే ఆగుతున్నారు. ఏం చేయమంటారు?

లెక్కలబ్బాయి: దిగండి. నెలకు 2,000 తేడా అంటే 11 నెలల అగ్రిమెంటుకు 22,000. 30,000 అద్దె మీద ఒక్క రోజు ఖాళీ ఖరీదు 1,000, మెయింటెనెన్స్ ఇంకో 117. దాదాపు 20 రోజులకే ఆ 22,000 హుళక్కి. గడిచిన మూడు వారాలూ పోయినట్టే, వాటిని లెక్కలోకి లాగకండి. ఇవాళ్టి నుంచి 20 రోజుల్లో 32 ఇచ్చేవాడు వస్తాడా అన్నదే చూడండి.

టులెట్_బోర్డు: లెక్క బాగుంది గానీ, ఇవాళ 30కి దిగితే వచ్చే ఏడాది 5 శాతం పెంచినా 31,500. అప్పటికీ 32 రాదు. అసలు జనాన్ని ఆపుతున్నది అద్దె కాదండీ, అడ్వాన్స్. పది నెలలంటే 3,20,000 ఒక్కసారి తేవాలి. అద్దె 32 అలాగే ఉంచి అడ్వాన్స్ ఐదు నెలలు చేయండి. 2021 మోడల్ టెనెన్సీ చట్టమైతే ఇళ్లకు రెండు నెలలే అంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప వర్తించదు.

పాతకాపు: ఐదు నెలలా? రేపు అద్దె ఎగ్గొట్టి కూర్చుంటే?

టులెట్_బోర్డు: రెండు నెలల బకాయి 64,000, పెయింటింగ్‌కి ఒక నెల అద్దె 32,000, ఆపైన కరెంటు బిల్లు, విరిగిన కుళాయిలు. అన్నీ కలిపినా 1,60,000 దాకా పోదు. ఖాళీ చేయనని మొండికేసి కోర్టుకెక్కితే మాత్రం పది నెలలది కూడా చాలదు. అందుకే జల్లెడ ముందే పట్టాలి: మూడు నెలల పే స్లిప్పులు, కంపెనీ ఐడీ, పాత ఓనర్ నంబరు. అదీ ఇప్పుడున్న ఇంటి ఓనర్ది కాదు, అంతకు ముందు ఇంటి ఓనర్ది. ఇప్పటాయన వదిలించుకోవాలని బ్రహ్మాండమైన మనిషని చెప్పొచ్చు.

పాతకాపు: ఇది ఆషాఢం కూడా. కుటుంబాలు ఇల్లు మారవు. శ్రావణం దాకా ఆగితే 32 వస్తుంది.

లెక్కలబ్బాయి: బ్యాచిలర్లకి ఆషాఢం లేదు కదా గురువుగారూ! సొసైటీ ఒప్పుకుంటే వాళ్లకివ్వండి. శ్రావణం దాకా అంటే ఇంకో నెల ఖాళీ, అంటే 33,500 చేతి చమురు.

ప్లంబింగ్_పిచ్చి: ఒకటి అడుగుతా. తలుపు తీయగానే వాసన వస్తోందా? ఖాళీ ఇంట్లో బాత్‌రూమ్ జాలీ కింద ట్రాప్‌లో, అంటే నీళ్లు నిలిచే వంపులో, నీళ్లు ఆరిపోతాయి. ఆ నీరే డ్రైనేజీ గాలిని ఆపేది. అది లేకపోతే వాసనతో పాటు బొద్దింకలూ పైకొస్తాయి, వచ్చినవాడు వంటగది దాకా కూడా రాడు. వారానికోసారి ప్రతి జాలీలో, యుటిలిటీలో (బట్టలు, గిన్నెలు కడిగే చోట) కూడా, రెండు మగ్గుల నీళ్లు పోయండి, కమోడ్లు ఫ్లష్ చేయండి. ఫొటోలు పొద్దున పదింటికి కర్టెన్లు తీసి తీయండి. కావేరి నీళ్లా, బోరా, ట్యాంకరా అన్నది లిస్టింగ్‌లో రాయండి. 2024 వేసవి నీటి ఎద్దడి చూశాక జనం మొదట అడిగేది అదే.

కొత్త_ఓనర్: వాసన ఉంది. ఏసీ వల్లేమో అనుకున్నా. సరే, అడ్వాన్స్ ఐదు చేస్తా, అద్దె 31. ఒకాయన ఇల్లు చూడకుండానే టోకెన్ పంపుతానంటున్నాడు, ఆర్మీలో ఉన్నాట్ట, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నాడు.

లెక్కలబ్బాయి: చేయకండి! డబ్బు తీసుకోవడానికి స్కానూ అక్కర్లేదు, యూపీఐ పిన్నూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచే పోతుంది. నంబరు బ్లాక్ చేయండి.

టులెట్_బోర్డు: నిజమైన టోకెన్ వచ్చినా అగ్రిమెంటు మీద సంతకాలై, అడ్వాన్స్ బ్యాంకులో పడేదాకా లిస్టింగ్ తీసేయొద్దు. సామాన్లు దించుకుంటామన్నా సరే, తాళం చెవి అప్పటిదాకా మీ దగ్గరే.