'పర్యావరణహితం' అని సీసా మీద రాసి, ఆధారం క్యూఆర్ కోడ్‌లో పెడితే సరిపోతుందా?

హనుమకొండ గృహిణి:
ఫ్లోర్ క్లీనర్, గిన్నెలు తోమే లిక్విడ్, ఏది చూసినా వేపాకు బొమ్మ, 'గ్రీన్', 'నేచురల్' అనే మాటలు. ఇలాంటి మాటలకు ఆధారం, వివరం ఉండాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది. కానీ ఆ వివరం క్యూఆర్ కోడ్‌లో పెట్టినా చాలంది. నాకు నచ్చనిది అదే. మాట ఎక్కడుందో కారణం కూడా అక్కడే, తెలుగులో ఉండాలి. మా వీధి కిరాణంలో కొనేవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది బటన్ ఫోనే.

కాజీపేట దుకాణం:
అక్కా, నేను ఒప్పుకోను. చిన్న సీసా మీద ఎంతని రాస్తారు? ధర, తేదీ, జాగ్రత్తలకే చోటు చాలట్లేదు. కోడ్‌లో అయితే ల్యాబ్ రిపోర్టు మొత్తం పెట్టొచ్చు.

హనుమకొండ గృహిణి:
అన్నా, రిపోర్టు ఎవరడిగారు? ఒక్క వాక్యం చాలు. సీసా ఒక్కటే రీసైకిల్ ప్లాస్టిక్ అయితే అదే రాయాలి, లోపలి లిక్విడ్ కూడా మంచిదే అనిపించేలా లేబుల్ వేస్తే మోసమే. గిన్నెల లిక్విడ్ మీద 'ఫాస్ఫేట్ లేదు' అని గొప్పగా వేస్తారు. అందులో మామూలుగానే వాడరు కదా! అడగాల్సింది బట్టల పౌడర్ దగ్గర. మురుగుతో చెరువులో చేరి గుర్రపుడెక్కకు ఎరువయ్యేది ఫాస్ఫేటే. భద్రకాళి చెరువు చూసినవాళ్లకు ఆ డెక్క గురించి చెప్పక్కర్లేదు. సబ్బు ఒక్కటే కారణమని అనను, మరుగుదొడ్ల నీళ్లలోనూ ఫాస్ఫేట్ ఉంటుంది.

కెమిస్ట్రీ లెక్చరర్, వరంగల్:
ఆ ఒక్క వాక్యం కూడా జాగ్రత్తగా రాయాలమ్మా. 'బయోడిగ్రేడబుల్' అంటారు, అంటే సూక్ష్మజీవుల వల్ల విరిగిపోయేదని. డిటర్జెంట్లలో మురికి వదిలించడానికి ఎక్కువగా వాడే యాసిడ్ స్లర్రీ అనే రసాయనం గాలి ఆడే నీళ్లలో త్వరగానే విరిగిపోతుంది. ఆక్సిజన్ లేని సెప్టిక్ ట్యాంకులో దాదాపు అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఎక్కడ, ఎన్ని రోజుల్లో అన్నది చెప్పాలి. 'సహజం' సంగతీ అంతే. కుంకుడు రసంలో నురగనిచ్చే సపోనిన్లు చేపలకు విషం.

మహిళా సంఘం సభ్యురాలు, హుజూరాబాద్:
మేం కుంకుడుకాయ లిక్విడే చేసి అమ్ముతాం సార్. ల్యాబ్ టెస్టులకు డబ్బులెక్కడివి? రూల్స్ గట్టి చేస్తే పెద్ద కంపెనీలు లాయర్లను పెట్టుకుంటాయి, మూతపడేది మేమే.

హనుమకొండ గృహిణి:
చెల్లీ, 'కుంకుడుకాయతో చేసింది' అని రాయండి, ఇంకా ఏమేం కలిపారో కూడా రాయండి. దానికి ల్యాబ్ అక్కర్లేదు. 'పర్యావరణహితం' అన్నప్పుడే ఆధారం అడుగుతారు. అది చూపించని కంపెనీ మీద 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

కాజీపేట దుకాణం:
సరే అక్కా, ఒక్క వాక్యం న్యాయమే. తెలుగులోనే అంటే మాత్రం కష్టం. దేశమంతా అమ్మే సరుకు మీద ఎన్ని భాషల్లో వేస్తారు?

హనుమకొండ గృహిణి:
టీవీ ప్రకటన తెలుగులో చేయిస్తున్నారు కదన్నా. ఇక్కడికి పంపే సీసాల మీద ఒక్క వాక్యం వేయలేరా?