ఈ గోళాకారపు పాత స్పీకర్లు ఏ కంపెనీవో ఎవరైనా గుర్తుపట్టగలరా?

బంతిలాంటి స్పీకర్ల జత, లేబుల్ ఎక్కడా లేదు. వ్యాసం 28 సెం.మీ. రెండు లోహపు అర్ధగోళాల మధ్య రబ్బరు పట్టీ, పైన వేలాడదీసే కొక్కెం. చూడగానే 1970ల నాటి జర్మన్ గ్రుండిగ్ ఆడియోరామా అనిపిస్తుంది, కానీ కాదు. ఆడియోరామాలో ధ్వని పుట్టించే యూనిట్లు గోళం చుట్టూ ఉంటాయి. వీటిలో ముందువైపే 13 సెం.మీ. వూఫర్ (మంద్ర ధ్వనుల యూనిట్) ఒకటి, దాని పైన చిన్న కోన్ ట్వీటర్ (హెచ్చు ధ్వనుల యూనిట్).

వైరుతో కలిపి పోతపోసిన డిన్ (జర్మన్ ప్రమాణం) ప్లగ్ ఉంది: ఒక పిన్ను చదును, ఇంకోటి గుండ్రం. ప్లగ్ తర్వాత మార్చింది కాదు కాబట్టి యూరప్ తయారీయే అని నా అంచనా. మల్టీమీటర్‌లో 3.4 ఓములు, అంటే 4 ఓముల స్పీకరే. వూఫర్ అంచు ఫోమ్ కాదు, గుడ్డ. అందుకే పొడిపొడిగా రాలిపోలేదు.

క్రాసోవర్ (ధ్వనులను వూఫర్‌కూ ట్వీటర్‌కూ విడదీసే సర్క్యూట్) అంటూ ఏమీ లేదు, ట్వీటర్‌కు సిరీస్‌లో 4.7 మైక్రోఫారడ్ల బైపోలార్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒక్కటే. ఒక స్పీకర్‌లో ట్వీటర్ బాగా మెల్లగా పలుకుతోంది. రెండో దాని కెపాసిటర్ తగిలిస్తే సరిగ్గా పలికింది, కాబట్టి ట్వీటర్ బాగానే ఉంది.

కెపాసిటర్లు రెండూ మార్చేస్తాను, అది సమస్య కాదు. కావలసింది మోడల్, ముఖ్యంగా ఎన్ని వాట్లు తట్టుకుంటుందన్నది. వూఫర్ అయస్కాంతం వెనక ముద్ర లేదు. తయారీదారులు గుర్తు ఇంకెక్కడ వేసేవారు: వూఫర్ బుట్ట (కోన్‌ను పట్టి ఉంచే చట్రం) అంచు మీదా, కోన్ వెనకా?