ఆదివారం యూట్యూబ్‌లో వాక్యం వింటే చాలదా? సంఘంలో సభ్యత్వం ఎందుకు?

మియాపూర్ వాసి:
మాది గుంటూరు జిల్లాలో పల్లెటూరు, పుట్టుకతో లూథరన్ క్రైస్తవులం. ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఆదివారం టీవీలో యూట్యూబ్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఆరాధన చూస్తాం, కానుక ఫోన్‌పేలో పంపిస్తాం. "ఏ సంఘంలో ఉన్నారని ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలిరా" అని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ. ఎప్పుడైనా గుడికి వెళ్లడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ సభ్యత్వం, చందా రసీదులు, కమిటీ ఎన్నికలు, అందులో రెండు ప్యానెళ్లు, ఆపైన కోర్టు కేసులు... ఇదంతా అవసరమా? విశ్వాసం నాకూ దేవుడికీ మధ్య విషయం కదా.

ఒంగోలు కోడలు:
ప్రసంగం వరకైతే మీరన్నది నిజమే. మా పాస్టర్ గారికన్నా బాగా చెప్పేవాళ్లు యూట్యూబ్‌లో బోలెడుమంది ఉన్నారు (ఆయన ఇక్కడికి రారు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను).

మా స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తాం, ఆదివారం గుడికి తీసుకెళ్తాం. మామూలుగా ఆ బియ్యం పాస్టర్ గారింటికి వెళ్తుంది. మొన్నామధ్య మాలో ఒకామె వరసగా గుడికి రావడం లేదని ఇద్దరు వాళ్లింటికి వెళ్లి చూస్తే, భర్తకు పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఆ నెల బియ్యమంతా వాళ్లింటికే పంపాం, ఆసుపత్రి దగ్గర వంతులు వేసుకుని కూర్చున్నాం. అందులో ఒకావిడకీ ఆమెకీ కోత పండుగకు గుడికి వచ్చిన కానుకల వేలంలో గుమ్మడికాయ దగ్గర తగువై మాటల్లేవు. అయినా తన వంతు వచ్చినరోజు వెళ్లింది. మొహం మాత్రం మాడ్చుకునే కూర్చుందట, అది వేరే సంగతి.

మీరు ఒక ఆదివారం రాకపోతే ఆ చానల్‌లో ఎవరికి తెలుస్తుంది?

పాలెం కుర్రాడు:
అక్కా, బియ్యం సంగతి బాగుంది. మీ గుడిలో మాలలెంతమంది, మాదిగలెంతమంది? చాలా ఊళ్లలో అటు ఒక గుడి, ఇటు ఒక గుడి. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారని గొప్పగా చెప్పుకుంటాం. ఆ రోజుల్లో జనం ఒక్కొక్కరుగా కాదు, చుట్టాలూ పక్కాలూ కలిసి పాలేలకు పాలేలే వచ్చారు. వాళ్లతోపాటు పాలెం కట్టుబాట్లూ వచ్చాయి. మా అక్క అవతలి పాలెం అబ్బాయిని చేసుకుంటానంటే అడ్డుపడింది బయటివాళ్లు కాదు, మా సంఘ పెద్దలే. ప్రభు భోజనానికి ఒకే గిన్నె, పెళ్లికి మాత్రం వేరే గిన్నె. నాకైతే యూట్యూబే నయం, అందులో కులం అడగరు.

ఒంగోలు కోడలు:
అవును తమ్ముడూ, ఉంది. లేదని బొంకను. కానీ ఆ క్లౌ గారు 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పనికి కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని ఇప్పించారు. తిండి కోసం చేరారనే మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపారు. అయినా తర్వాత అంతమంది వచ్చారు. ఊళ్లో ఎవరూ పక్కన కూర్చోనివ్వని వాళ్లకు కలిసి కూర్చునే చోటు దొరికింది. అదీ సంఘం వల్లే కదా.

డల్లాస్ నుంచి:
ఇక్కడ మేం అమెరికన్ల చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం కూడుకుంటాం. లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ (దక్షిణ భారత సంఘం), పెంతెకొస్తు, అందరం ఒకే పులిహోర తింటాం. పిల్లలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి పాడతారు. నాకు ఇంతకన్నా వాదన లేదు.

మాజీ కార్యదర్శి:
కమిటీలంటే మియాపూర్ తమ్ముడికి చిరాకు. ఆ గొడవలు నేనూ పడ్డాను, బీపీ తెచ్చుకున్నాను. అయితే కమిటీ లేని చోట ఏముందో కూడా చూడండి. పాస్టరే స్థాపకుడు, భార్య కోశాధికారి, రేపు కొడుకు పాస్టర్. ఆ చానల్‌కి మీరు ఫోన్‌పే చేసిన డబ్బు ఏమైందని ఎవర్ని అడుగుతారు? మా గుడిలో వెనక బెంచీ ముసలాయన సర్వసభ్య సమావేశంలో లేచి, పెయింటు ఖర్చు ఇంతెందుకైందని నన్ను నిలబెట్టి కడిగేశాడు. చందా రసీదు జేబులో ఉంది కాబట్టే అడగగలిగాడు. పాలెం తమ్ముడు చెప్పిన కులం సంగతైనా అంతే, ఓటు ఉన్నవాడు లోపల నిలబడి అడగాలి.

ఇంకోటి. నగరాల్లో సమాధుల తోటలో చోటు కావాలంటే చాలాచోట్ల సంఘ పాస్టర్ ఉత్తరం అడుగుతారు. గుడిలో పెళ్లంటే ముందు ఆదివారాల్లో చాటింపు వేయాలి. ఏ గుడీ మీది కాకపోతే ఆ రోజు ఎవరి గుమ్మం ఎక్కుతారు?

పాలెం కుర్రాడు:
లోపల నిలబడి అడిగినవాళ్లను సంఘం నుంచి వెలి వేసిన ఊళ్లూ ఉన్నాయి, సార్. ఓటు అందరికీ ఒకటే, మాట మాత్రం కాదు.

మాజీ కార్యదర్శి:
దానికి నా దగ్గర జవాబు లేదు.

మియాపూర్ వాసి:
విశ్వాసానికి సభ్యత్వం కావాలని ఇంకా ఒప్పుకోను. లెక్క అడిగే హక్కు సంగతి మాత్రం నేను ఆలోచించలేదు. అమ్మ కూడా వచ్చే నెల నుంచి మా దగ్గరే ఉంటుంది, ఆవిడ టీవీ ముందు కూర్చుని ఆరాధన చేయదు. ఊరి సంఘం నుంచి ఇక్కడికి మారాలంటే ఏం చేయాలి?

మాజీ కార్యదర్శి:
ఊరి పాస్టర్ గారి దగ్గర బదిలీ ఉత్తరం తీసుకోవాలి. పాత చందా బాకీ ఎంతుందో ముందు కనుక్కోండి, అది తీర్చేదాకా సంతకం పెట్టకపోవచ్చు.